సూది మొన మీద హెలికాప్టర్
పెట్రోలుతో ఎగిరే మోడల్ హెలికాప్టర్ల ప్రాణం కార్బొరేటర్‌లోని రెండు చిన్న స్క్రూల్లో ఉంది. ఎండ, చలి, ఇప్పుడు ఇథనాల్ కలిసి వాటి లెక్కను మారుస్తున్నాయి.

మే నెల ఎండలో నిక్షేపంగా ఎగిరిన మోడల్ హెలికాప్టర్ అదే స్క్రూ సెట్టింగుతో జనవరి ఉదయం గాల్లో ఉండగానే ఆగిపోవచ్చు. ఈ సరదాలోకి కొత్తగా దిగినవారు దీన్ని ఒక పట్టాన నమ్మరు. ఇంజన్‌కు వేడి శత్రువు, చలి మిత్రుడు అనే కదా అందరి నమ్మకం. కార్బొరేటర్ లెక్క వేరు. 40 డిగ్రీల ఎండలో ఉన్న గాలి కన్నా 15 డిగ్రీల చలిగాలి దాదాపు 9 శాతం చిక్కగా ఉంటుంది. ఇంజన్ పీల్చేది అదే పరిమాణమైనా లోపలికి పోయే గాలి బరువు పెరుగుతుంది. దానికి తగ్గట్టు పెట్రోలు కూడా పెరగాలి. కార్బొరేటర్ తనంతట తాను పెంచేది అందులో సగమే. మిగతా సగం మనిషి స్క్రూడ్రైవర్ పట్టుకుని ఇవ్వాలి. ఇవ్వకపోతే మిశ్రమం నాలుగు శాతం పైగా పలచబడుతుంది. అంతకుముందే శబ్దం బాగుందని సెట్టింగును అంచు దాకా లాగిన ఇంజన్‌కు ఆ నాలుగు శాతం చాలు, పిస్టన్ సిలిండర్‌కు పట్టేయడానికి.

ఇంతకూ ఈ ఇంజన్ ఆకాశం కోసం పుట్టింది కాదు. గడ్డి కోసే బ్రష్ కట్టర్లకు, చెట్లు కోసే రంపాలకు వాడే 23 నుంచి 30 సీసీ లోపు టూ-స్ట్రోక్ ఇంజన్‌నే కాస్త మార్చి హెలికాప్టర్‌లో బిగించారు. జపాన్‌కు చెందిన జెనోవా ఇంజన్లు ఈ రంగంలో ఏళ్ల తరబడి ఏలాయి. (2007లో ఆ కంపెనీ స్వీడన్‌లోని హస్క్‌వర్నా చేతికి వెళ్లింది. అదీ రంపాలు, గడ్డి యంత్రాల కంపెనీయే.) జర్మనీలో డీటర్ ష్లూటర్ 1970 ప్రాంతంలో రేడియోతో నడిచే హెలికాప్టర్‌ను నిజంగా ఎగరగలిగే వస్తువుగా మార్చినప్పుడు ఈ ఆటకు ఇంధనం మిథనాలే. ఆ తర్వాత అందులో నైట్రోమీథేన్ కలపడం మామూలైంది. శక్తి బాగా ఇస్తుంది కానీ ఖరీదెక్కువ, మన దేశంలో దొరకడం కష్టం, పైగా పది నిమిషాల్లో ట్యాంకు ఖాళీ. అదే పెట్రోలైతే వీధి చివరి బంకులో దొరుకుతుంది, అర లీటరుతో సుమారు 20 నిమిషాలు ఎగరొచ్చు. బరువు ఎక్కువైనా, వణుకు ఎక్కువైనా కొందరు దీన్నే పట్టుకు వేలాడటానికి కారణం అది.

సరదాకే పరిమితమూ కాలేదు. జపాన్ వరిచేలపై మందు చల్లడానికి యమహా 1987లో ఆర్-50ని, 1997లో ఆర్‌మ్యాక్స్‌ను తెచ్చింది. ఆర్‌మ్యాక్స్‌లో ఉన్నది 246 సీసీ టూ-స్ట్రోక్ పెట్రోలు ఇంజన్. 2000లో జపాన్‌లోని ఉసు అగ్నిపర్వతం బద్దలైనప్పుడు మనుషులు వెళ్లలేని చోట ఫొటోలు తీసింది ఆ హెలికాప్టరే. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ఆండ్రూ ఎన్‌జీ బృందం 2004లో ఓ హెలికాప్టర్‌కు కంప్యూటర్ సాయంతో తలకిందులుగా గాల్లో నిలబడటం నేర్పింది. అదీ పెట్రోలు యంత్రమే. కంప్యూటర్ ఎంత తెలివైనదైనా అప్పటికి కార్బొరేటర్ స్క్రూలను సరిచేసే పని మాత్రం మనిషిదే.

రెండు స్క్రూలు

అగ్గిపెట్టె కన్నా కాస్త పెద్దదైన ఈ కార్బొరేటర్‌లో స్కూటర్లకు ఉన్నట్లు ఫ్లోట్ గిన్నె ఉండదు. ఉంటే హెలికాప్టర్ పక్కకు వాలగానే పెట్రోలు పొర్లిపోతుంది. బదులుగా పలచని డయాఫ్రం పొరలు రెండుంటాయి. క్రాంక్‌కేస్‌లో పిస్టన్ కదలికతో పుట్టే ఒత్తిడి హెచ్చుతగ్గులకు ఒక పొర కొట్టుకుంటూ ట్యాంకు నుంచి పెట్రోలు లాగుతుంది. రెండోది చిన్న మీటను కదుపుతూ కావలసినంతే లోపలికి వదులుతుంది. అందుకే తలకిందులుగా ఎగిరినా ఇంజన్ ఆగదు. బయటికి కనిపించేవి మూడు స్క్రూలు. ఒకటి ఐడ్లింగ్ వేగానిది, దానికి మిశ్రమంతో సంబంధం లేదు. మిగిలిన రెండూ సూదులు. తక్కువ వేగానికి ‘ఎల్’, ఎక్కువ వేగానికి ‘హెచ్’. రెంటినీ మెల్లగా పూర్తిగా బిగించి, అక్కడి నుంచి ఒకటింబావు, ఒకటిన్నర చుట్ల మధ్య వదలడం మామూలు ఆరంభం. గట్టిగా బిగిస్తే సూది మొన అరిగి, ఆ తర్వాత ఏ సెట్టింగూ నిలవదు.

పేర్లు చూసి రెండూ వేర్వేరు పనులు చేస్తాయనుకుంటే పొరపాటే. థ్రాటిల్ పూర్తిగా తెరిచినప్పుడు కూడా ఎల్ దారిలో కొంత పెట్రోలు వస్తూనే ఉంటుంది. కాబట్టి ఎల్ తిప్పితే హెచ్ లెక్కా మారుతుంది. హెలికాప్టర్‌లో ఇది మరింత ముఖ్యం. ఎందుకంటే అది ఎక్కువసేపు ఉండేది పూర్తి థ్రాటిల్‌లో కాదు, గాల్లో నిలబడి ఉండే సగం థ్రాటిల్‌లో. అంటే రెండు సూదుల సరిహద్దులో. ఆకాశంలోకి నిటారుగా దూసుకుపోయేటప్పుడు అంతా బాగుందని మురిసిపోయి, తీరిగ్గా నిలబెట్టినప్పుడు ఇంజన్‌ను మాడ్చుకునేవారు ఎక్కువ. ఎల్ సూదిని ఐడ్లింగ్ స్క్రూలా చూసి మరీ బిగించేయడం వల్ల వచ్చే తంటా అది.

విమానం మోడల్‌ను నేల మీద కట్టేసి, పంకా తిప్పుతూ ట్యూనింగ్ చేయొచ్చు. రంపాన్ని చేతిలో పట్టుకుని చేయొచ్చు. హెలికాప్టర్‌కు ఆ వెసులుబాటు లేదు. రెక్కలకు కోణం ఇచ్చి గాల్లోకి లేస్తేనే ఇంజన్‌పై నిజమైన భారం పడుతుంది. భారం లేకుండా నేలపై రేజ్ చేస్తే వినిపించే శబ్దానికి, పైన వినిపించే శబ్దానికి పోలికే ఉండదు. అందుకే పద్ధతి చాలా నెమ్మదైనది. రెండు మూడు నిమిషాలు వేడెక్కనిచ్చి, లేపి, నిలబెట్టి, విని, దించి, ఇంజన్ ఆపి, రెక్కలు పూర్తిగా ఆగాక పరక చుట్టు తిప్పి, మళ్లీ లేపడం. (పాత లెక్కల్లో పరక అంటే ఎనిమిదో వంతు. ఈ పనికి ఇంతకన్నా సరైన కొలత లేదు.) ఒకసారికి ఒకే స్క్రూ. రెండూ కలిపి తిప్పితే ఏది పనిచేసిందో దేవుడికే తెలియాలి.

దీనికి తోడు గవర్నర్ అనే ఎలక్ట్రానిక్ పరికరం ఒకటి. రెక్కల వేగం తగ్గితే థ్రాటిల్‌ను తనంతట తానే తెరిచి వేగాన్ని నిలబెడుతుంది. మంచిదే. కానీ మిశ్రమం తప్పి ఇంజన్ నీరసించినా అది పైకి తెలియనివ్వదు, థ్రాటిల్ ఇంకాస్త తెరిచి కప్పిపుచ్చుతుంది. తెరవడానికి ఇక మిగలని క్షణంలో గుట్టు రట్టవుతుంది. అందుకే అనుభవజ్ఞులు ట్యూనింగ్ పూర్తయ్యేదాకా గవర్నర్‌ను ఆపి ఉంచుతారు. చెవికి నిజం వినిపించాలంటే అదే మార్గం.

తీయని శబ్దం

చెవి కూడా మోసపోతుంది. సిద్ధాంతం ప్రకారం ఒక పాలు పెట్రోలు పూర్తిగా మండాలంటే బరువు లెక్కన 14.7 పాళ్ల గాలి కావాలి. అత్యధిక శక్తి వచ్చేది మాత్రం అంతకన్నా పెట్రోలు కాస్త ఎక్కువగా, 12.5, 13 పాళ్ల దగ్గర ఉన్నప్పుడు. మెకానిక్‌లు పెట్రోలు ఎక్కువైతే రిచ్ అని, తక్కువైతే లీన్ అని అంటారు. రిచ్‌గా ఉన్న ఇంజన్ గుడగుడలాడుతుంది, పొగ వదులుతుంది, బద్ధకంగా ఉంటుంది. సూది బిగించే కొద్దీ ఆ గుడగుడ పోయి శబ్దం శుభ్రపడుతుంది, వేగం పెరుగుతుంది. ఇంకాస్త బిగిస్తే ఇంకాస్త తీయగా పలుకుతుంది. సరిగ్గా అక్కడే ప్రమాదం. ఆ తీపి తర్వాతి మెట్టు మెల్లగా పాడవడం కాదు, ఒక్కసారిగా పట్టేయడం.

ఎందుకంటే టూ-స్ట్రోక్ ఇంజన్‌కు పెట్రోలు ఒక్క ఇంధనమే కాదు. పాత చేతక్ స్కూటర్‌కు బంకులో 2టీ ఆయిల్ కలిపి పోయించుకున్న తరానికి ఇది చెప్పనక్కర్లేదు. ఇంజన్‌కు నూనె అందేది పెట్రోలుతో పాటే. ఆవిరయ్యే పెట్రోలే లోపలి వేడిని కొంత లాగేస్తుంది కూడా. అంటే సూది బిగిస్తే మంటకు తిండి, బేరింగులకు నూనె, పిస్టన్‌కు చల్లదనం మూడూ ఒకేసారి తగ్గుతాయి. వేడెక్కిన అల్యూమినియం పిస్టన్ ఉబ్బుతుంది, నూనె పొర తెగుతుంది, లోహం లోహానికి రాసుకుంటుంది. పైగా గాల్లో నిలబడ్డ హెలికాప్టర్‌కు ముందు నుంచి గాలి తగలదు. చల్లబరచాల్సింది ఇంజన్‌కు బిగించిన చిన్న ఫ్యాన్, దాని చుట్టూ ఉన్న ప్లాస్టిక్ కవచమే. కవచంలో పగులున్నా, చెత్త చేరినా ఎంత మంచి సెట్టింగూ కాపాడదు.

నూనె విషయంలో ఓ తమాషా. భయంతో ఆయిల్ ఎక్కువ కలిపితే ఇంజన్ భద్రంగా ఉంటుందని చాలామంది అనుకుంటారు. లీటరుకు 25 మిల్లీలీటర్లు (40:1) పోయాల్సిన చోట 31 (32:1) పోస్తారు. నూనె పెరిగినంత మేరా సూది గుండా వెళ్లే పెట్రోలు తగ్గుతుంది, ద్రవం చిక్కబడి ప్రవాహమూ కాస్త నెమ్మదిస్తుంది. తేడా స్వల్పమే కానీ దిశ లీన్ వైపు. కాబట్టి ఏ నిష్పత్తి అన్నది కన్నా ఒకదానికి కట్టుబడి ఉండటం ముఖ్యం. నిష్పత్తి మార్చినా, ఆయిల్ బ్రాండ్ మార్చినా ట్యూనింగ్ మొదటికొస్తుంది.

చెవిని నమ్మలేం కాబట్టి సాక్ష్యాలు వెతకాలి. థ్రాటిల్ తగ్గించినా ఇంజన్ వెంటనే శాంతించక కాసేపు అరుస్తూ ఉండి అప్పుడు దిగితే అది లీన్. థ్రాటిల్ ఒక్కసారిగా పెంచినప్పుడు తడబడి ఆగబోయినా ఎల్ దగ్గర పెట్రోలు చాలడం లేదనే. పెంచినప్పుడు గుడగుడలాడి ఆలస్యంగా అందుకుంటే రిచ్. స్పార్క్ ప్లగ్ విప్పి చూస్తే లోపలి పింగాణీ చిక్కటి టీ రంగులో ఉండాలి. సున్నం పూసినట్లు తెల్లగా ఉంటే ఆ రోజుకు ఎగరడం ఆపేయడమే మేలు. తడిగా, నల్లగా ఉంటే ఫరవాలేదు, సరిచేసుకోవచ్చు. అయితే దించాక అయిదు నిమిషాలు ఐడ్లింగ్‌లో ఉంచి ప్లగ్ చూస్తే అది ఐడ్లింగ్ కథే చెబుతుంది, ఆకాశం కథ చెప్పదు. నేటి సింథటిక్ నూనెలతో ఆ రంగు ఏర్పడటానికి చాలాసేపు పడుతుంది కూడా. సిలిండర్ హెడ్ వద్ద ఉష్ణోగ్రత సెన్సర్ పెట్టుకోవడం ఉత్తమం. అక్కడ కూడా ఇంకొకరి అంకె పనికిరాదు. సెన్సర్ ఎక్కడ బిగించారన్న దాన్ని బట్టి రీడింగు మారిపోతుంది. తన యంత్రం, తన సెన్సర్, నిన్నటి అంకె, ఇవాళ్టి అంకె, అంతే. ఇంకా అనుమానముంటే సైలెన్సర్ విప్పి ఆ రంధ్రంలోంచి పిస్టన్ పక్కలు చూడాలి. నిలువు గీతలు కనిపిస్తే హెచ్చరిక వచ్చినట్లే.

సూదిని ఎంత తిప్పినా దారికి రాని ఇంజన్లూ ఉంటాయి. వాటిలో తప్పు సాధారణంగా సూదిది కాదు. కార్బొరేటర్ వెనక గాస్కెట్ దగ్గర దొంగతనంగా దూరే గాలి, ట్యాంకులోని ఫిల్టర్‌లో చేరిన మడ్డి, గట్టిపడ్డ డయాఫ్రం, వదులైన ట్యూబ్, వీటిని చూడకుండా స్క్రూలు తిప్పడం జ్వరానికి థర్మామీటర్ మార్చడం లాంటిది.

తీయని శబ్దం దగ్గర ఆగకుండా అక్కడి నుంచి పరక చుట్టు వెనక్కి వదలాలని అనుభవజ్ఞులు చెప్పేది అందుకే. కాస్త పొగ, కాస్త గుడగుడ, శిఖరానికి రవ్వంత తక్కువ శక్తి. అందంగా వినిపించదు, కానీ చలిగాలికి కావలసిన ఆ నాలుగు శాతం అందులో దాగి ఉంటుంది. పోటీలకు వెళ్లేవారు దీన్ని ఒప్పుకోకపోవచ్చు. ఆదివారం సాయంత్రం హెలికాప్టర్‌ను ఒక ముక్కగా ఇంటికి తెచ్చుకోవాలనుకునేవారికి మరో మార్గం లేదు.

ఇంజన్ ఆగితే ఏమవుతుంది? వెంటనే రాయిలా పడిపోదు. ముక్కు ఒక్క కుదుపుతో పక్కకు తిరుగుతుంది, అదే మొదటి సంకేతం. చేతిలో ఉన్న ఒకటి రెండు క్షణాల్లో రెక్కల కోణం తగ్గించి, కింది నుంచి వచ్చే గాలితోనే వాటిని తిరగనిచ్చి, నేలకు దగ్గరయ్యాక కోణం పెంచి దించాలి. దీన్ని ఆటోరొటేషన్ అంటారు, అసలు హెలికాప్టర్ పైలట్లు చేసేదీ ఇదే. బాగా ఎత్తులో ఉంటే సమయం దొరుకుతుంది, మనిషి నడుమెత్తులో ఉంటే రెక్కల్లో మిగిలిన ఊపు చాలు. ఈ రెంటి మధ్య, ముందుకు వేగం లేకుండా నిలబడి ఉన్నప్పుడు ఆగితే దారి లేదు. దురదృష్టవశాత్తూ కొత్తవారు ట్యూనింగ్ వినడానికి హెలికాప్టర్‌ను నిలబెట్టేది సరిగ్గా ఆ ఎత్తులోనే.

ఒకటిన్నర మీటర్లు దాటిన వ్యాసంతో నిమిషానికి 1,500 సార్లు తిరిగే ఆ రెక్కల కొసలు గంటకు సుమారు 450 కిలోమీటర్ల వేగంతో కదులుతాయి. 2013 సెప్టెంబరులో న్యూయార్క్ బ్రూక్లిన్‌లోని ఓ పార్కులో 19 ఏళ్ల యువకుడు తన మోడల్ హెలికాప్టర్ రెక్కలు తగిలే చనిపోయాడు. ఐడ్లింగ్ వేగం ఎక్కువైతే క్లచ్ పట్టుకుని రెక్కలు వాటంతటవే తిరగడం మొదలవుతుంది, అదీ యజమాని దానిపైకి వంగి స్క్రూ వెతుకుతున్నప్పుడు. మన దేశంలో 2021 నాటి డ్రోన్ నిబంధనలు సరదాకు, చదువుకు, పరీక్షలకు వాడే 25 కిలోల లోపు మోడళ్లను కంటికి కనిపించే దూరంలోనే ఎగరేయాలంటున్నాయి. ట్యూనింగ్ రోజున ఆ దూరంలో చూడటానికి వచ్చిన పిల్లలు లేకుండా చూసుకోవడం నిబంధనల్లో రాయనవసరం లేని సంగతి.

బంకులో మారిన లెక్క

ఎండ, చలి పాత కథ. గత కొన్నేళ్లలో పెట్రోలే మారిపోయింది. దేశవ్యాప్తంగా పెట్రోలులో సగటున 10 శాతం ఇథనాల్ కలపడం 2022 జూన్‌కు పూర్తయింది. 20 శాతం కలిపిన ఇ20 అమ్మకాన్ని 2023 ఫిబ్రవరిలో ప్రారంభించారు. మొదట 2030కి అనుకున్న ఆ లక్ష్యాన్ని 2025లోనే చేరుకున్నారు. ఇ20ని సవాలు చేసిన పిటిషన్‌ను అదే ఏడాది సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు కొట్టివేసింది. చర్చంతా కార్ల మైలేజీ చుట్టూ తిరిగింది. ఈ బుల్లి ఇంజన్ల గోడు ఎవరికీ పట్టలేదు.

ఇథనాల్‌లో ఆక్సిజన్ ముందే ఉంటుంది. అది మండటానికి 9 పాళ్ల గాలి చాలు. ఇ20 లెక్క సుమారు 13.5 పాళ్లకు దిగుతుంది. మరోలా చెప్పాలంటే, అంతే గాలికి మామూలు పెట్రోలు కన్నా సుమారు 8 శాతం ఎక్కువ ఇంధనం కావాలి. కొత్త కారులోని కంప్యూటర్ దీన్ని పసిగట్టి సర్దుకుంటుంది. కార్బొరేటర్ సూదికి ఆ తెలివి లేదు. నిరుడు అచ్చమైన పెట్రోలుతో సరిచేసిన సెట్టింగులోకి ఇవాళ ఇ20 పోసి, జనవరి ఉదయం లేపితే ఆ 8, ఈ 4 కలిసి 12 శాతం. పరక చుట్టు దాచిపెట్టిన జాగ్రత్త అంత దూరం రాదు. అలాగని ఇథనాల్‌ను దుమ్మెత్తిపోయనక్కర్లేదు. దానికి ఆక్టేన్ ఎక్కువ, ఆవిరయ్యేటప్పుడు వేడిని పెట్రోలు కన్నా బాగా లాగుతుంది. సూదులు తగినంత వదిలితే ఇంజన్ నడుస్తుంది. కాకపోతే గడ్డి యంత్రాలు, రంపాల కంపెనీలు చాలావరకు తమ మాన్యువళ్లలో 10 శాతం దాటిన ఇథనాల్ వద్దంటాయి. రబ్బరు పొరలు, ట్యూబులు గట్టిపడటం, ఉబ్బటం వాటి భయం. డయాఫ్రంలను ఏడాదికోసారి మార్చడం ఇప్పుడు దుబారా కాదు.

పోసిన పెట్రోలులో ఇథనాల్ ఎంతో తెలుసుకోవడానికి కొలగీతలున్న సన్నటి గాజు గొట్టం చాలు. 80 మిల్లీలీటర్ల పెట్రోలు, 20 మిల్లీలీటర్ల నీళ్లు పోసి మూతపెట్టి కుదిపి నిలబెడితే ఇథనాల్ నీళ్లలోకి దిగిపోతుంది. కింది నీటి పొర 20 గీత దాటి 36 దాకా పెరిగితే అది ఇ20. ఆయిల్ కలపకముందే, ఆరుబయట, నిప్పుకు దూరంగా చేయాల్సిన పరీక్ష ఇది. వాడిన పెట్రోలును మళ్లీ ట్యాంకులో పోయకూడదు.

యమహా ఈ తలనొప్పిని మరో దారిలో వదిలించుకుంది. ఆర్‌మ్యాక్స్ తర్వాత వచ్చిన ఫేజర్‌లో ఫోర్-స్ట్రోక్ ఇంజన్, ఎలక్ట్రానిక్ ఫ్యూయెల్ ఇంజెక్షన్ పెట్టింది. పాతిక సీసీల యంత్రం మీద అంత ఖర్చు పెట్టేవారు అరుదు కాబట్టి ఇక్కడ స్క్రూడ్రైవరే గతి. డబ్బా మీద పెట్రోలు కొన్న తేదీ, లోపలి ఆయిల్ నిష్పత్తి, పక్కన చిన్న పుస్తకంలో ఆ రోజు ఉష్ణోగ్రత, రెండు సూదుల చుట్లు రాసుకునేవారి ఇంజన్లు ఎక్కువ కాలం బతుకుతున్నాయి.

డబ్బా సంగతి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. వానాకాలంలో సగం ఖాళీగా, మూత వదులుగా ఉన్న డబ్బాలో నీరు ఒక హద్దు దాటితే ఇథనాల్, నీరు కలిసి పెట్రోలు నుంచి విడిపోయి అడుగుకు చేరతాయి. కలిపిన ఆయిల్ మాత్రం చాలావరకు పైన పెట్రోలులోనే ఉండిపోతుంది. హెలికాప్టర్ ట్యాంకులో పెట్రోలు పీల్చే బరువైన ఫిల్టర్ ఉండేది అడుగునే. అంటే ఇంజన్‌కు అందేది నూనె లేని ద్రవం. ఏ సూదీ దాన్ని సరిచేయలేదు. కాబట్టి నెల దాటిన డబ్బా నుంచి పోసేముందు కొంచెం గాజు సీసాలోకి తీసి పది నిమిషాలు వెలుతురులో ఉంచి చూడాలి. అడుగున వేరే పొర కనిపిస్తే దాన్ని స్కూటర్‌లో కూడా పోయకూడదు.